అపార్ట్‌మెంటు లెక్కల సైటుకి పాస్‌వర్డు తాళం: పని డైరీ

సరంజామా ముందు చెప్పేస్తాను. అద్దె సర్వరు ఒకటి: ఒకే కోరు, 1 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04, దాని మీద అపాచీ 2.4.52 (సైటుని అందించే వెబ్‌సర్వరు సాఫ్ట్‌వేరు). అందులో మా అపార్ట్‌మెంటు సైటు. 40 ఫ్లాట్లు, నెలనెలా మెయింటెనెన్స్ లెక్కల పీడీఎఫ్‌లు, ట్యాంకర్ల బిల్లులు, బకాయిల జాబితా, వినాయకచవితి ఫొటోలు. డేటాబేసు లేదు, లాగిన్ పేజీ లేదు, ఉత్త ఫైళ్లు.

అడ్రసు మా వాట్సాప్ గ్రూపుకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాం. డిసెంబరులో 305 వాళ్లబ్బాయి సరదాకి వాళ్ల నాన్నగారి పేరు గూగుల్‌లో కొడితే మా బకాయిల జాబితా వచ్చి కూర్చుంది, నాలుగు నెలల బాకీతో సహా. ఆయన నాతో వారం మాట్లాడలేదు. గూగుల్ లాంటివాటికి సూచనలిచ్చే రోబోట్స్ ఫైలు పెడితే చాలదా అని ఒకరిద్దరు అడిగారు. అది "దయచేసి లోపలికి రావద్దు" అన్న బోర్డే గానీ తాళం కాదు. పైగా దాచుకున్న ఫోల్డర్ల పేర్లన్నీ ఆ బోర్డు మీదే రాసిపెట్టినట్టవుతుంది.

అపాచీతో వచ్చే, పేరూ పాస్‌వర్డూ అడిగే బేసిక్ ఆథెంటికేషనే వాడదామనుకున్నాను. కొత్తగా కోడు రాయక్కర్లేదు, నాలుగు లైన్లతో అయిపోతుంది. ఆ నాలుగు లైన్లకి నాలుగు వారాంతాలు పట్టాయి. ఎక్కడెక్కడ పట్టాయో కింద ఉంది.

ఒక మాట. కమాండ్లూ ఫైళ్ల పేర్లూ ఫోనులో చదివి చెప్పినట్టు రాశాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి. అపాచీ డైరెక్టివులకు (సెట్టింగు మాటలకు) చిన్నబడి, పెద్దబడి (స్మాల్, క్యాపిటల్ అక్షరాలు) పట్టింపు లేదు. ఫైళ్ల పేర్లకూ, యూజర్ల పేర్లకూ, కమాండ్ల స్విచ్‌లకూ ఉంది.

దశ 1. జనవరి 11, శనివారం: వేసిన తాళం పట్టలేదు

చేసింది:

1. అపాచీ2-యుటిల్స్ ప్యాకేజీ ఎక్కించాను. హెచ్‌టీపాస్‌వర్డ్ అనే పనిముట్టు అందులోనే వస్తుంది. (రెడ్‌హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీ పేరు హెచ్‌టీటీపీడీ-టూల్స్.)
2. హెచ్‌టీపాస్‌వర్డ్‌తో పాస్‌వర్డు ఫైలు తయారుచేసి, పరీక్షకి ఒక యూజర్ని పెట్టాను.
3. సైటు ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ ఫైలు (ఆ ఫోల్డరుకి వర్తించే అపాచీ సెట్టింగులు రాసేది) పెట్టి అందులో నాలుగు లైన్లు రాశాను:

ఆత్‌టైప్ బేసిక్
ఆత్‌నేమ్ "లెక్కలు"
ఆత్‌యూజర్‌ఫైల్ యూజర్స్.టీఎక్స్‌టీ
రిక్వైర్ వ్యాలిడ్-యూజర్

సైటు తెరిచాను. ఏమీ అడక్కుండా తెరుచుకుంది. బ్రౌజరు పాతది చూపిస్తోందేమోనని ప్రైవేటు విండోలో చూశాను, ఫోన్లో చూశాను, సర్వరు రీస్టార్టు చేశాను. నలభై నిమిషాలు ఇలాగే పోయాయి.

కారణం: అపాచీ ఆ ఫైలు చదవట్లేదు. మెయిన్ కాన్ఫిగ్‌లో అలౌఓవర్‌రైడ్ నన్ అని ఉంటే హెచ్‌టీయాక్సెస్ వైపు అసలు చూడదు, లాగ్‌లో ఒక్క ముక్క కూడా రాయదు. ఉబుంటులో వచ్చేటప్పుడే అలా వస్తుంది. ఇది తేల్చుకోవడానికి పది సెకన్ల ఉపాయం ఉంది. హెచ్‌టీయాక్సెస్ మొదటి లైన్లో "అబ్బబ్బ" అనో మరోటో చెత్త రాయండి. 500 ఎర్రరు (సర్వరు లోపలి తప్పు) వస్తే ఫైలు చదువుతున్నట్టు. పేజీ మామూలుగా వచ్చేస్తే చదవట్లేదన్నమాట.

అలౌఓవర్‌రైడ్ ఆల్ అని పెట్టేశాను. (ఈ తొందరకి దశ 3లో అనుభవించాను.) ఈసారి పాస్‌వర్డు అడిగింది, సరైనదే కొట్టాను, 500 ఎర్రరు. ఎర్రర్ లాగ్‌లో ఏహెచ్01620: పాస్‌వర్డు ఫైలు తెరవలేకపోయాను అని. ఆత్‌యూజర్‌ఫైల్ దగ్గర ఉత్త పేరు రాస్తే హెచ్‌టీయాక్సెస్ ఉన్న ఫోల్డర్లో వెతకదు, సర్వర్‌రూట్‌లో, అంటే /ఈటీసీ/అపాచీ2 కింద వెతుకుతుంది. పూర్తి దారి రాశాను. తెరుచుకుంది.

పడుకోబోతూ ఎందుకో అడ్రసు చివర యూజర్స్.టీఎక్స్‌టీ తగిలించి చూశాను. పాస్‌వర్డు ఫైలు హాయిగా డౌన్‌లోడ్ అయింది! లాగిన్ అయ్యాకే వస్తుంది, నిజమే. కానీ రేపు 40 ఫ్లాట్లకీ లాగిన్ ఇచ్చాక ఏ ఇంటి కుర్రాడైనా 40 హ్యాష్‌లూ (పాస్‌వర్డుల బదులు ఫైల్లో ఉండే, వెనక్కి తిప్పలేని రూపాలు) దింపుకుని, అసలు పాస్‌వర్డులు ఊహిస్తూ తీరిగ్గా కూర్చోవచ్చు. పేరు చుక్క-హెచ్‌టీతో మొదలైతే అపాచీ డిఫాల్టుగా ఎవరికీ ఇవ్వదు, 403 (ప్రవేశం లేదు) అంటుంది. నేను పెట్టిన పేరుకి ఆ రక్షణ లేదు. అయినా పేరు మీద ఆధారపడటం దేనికి, తాళంచెవి గుమ్మం బయట ఉండాలి. మార్చింది:

1. ఫైలుని /ఈటీసీ/అపాచీ2/తాళాలు/ అనే కొత్త ఫోల్డర్లోకి తరలించాను.
2. జాగ్రత్త ఎక్కువై, ఓనరు తప్ప ఎవరూ చదవకుండా చ్‌మోడ్ 600 కొట్టాను. మళ్లీ 500, మళ్లీ ఏహెచ్01620. ఫైలు ఓనరు రూటు, చదవాల్సింది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, అంటే అపాచీ నడిచే యూజరు. చదివే హక్కే లేదు దానికి.
3. ఓనరు రూటు, గ్రూపు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, పర్మిషన్ 640 (గ్రూపు కూడా చదవొచ్చు, మిగతావాళ్లు చదవలేరు). ఇది నిలిచింది.

ఇప్పటిదాకా: 3 గంటల 20 నిమిషాలు. యూజర్లు 1/40 (అదీ పరీక్షకి).

దశ 2. జనవరి 12, ఆదివారం: పన్నెండు మందిని మింగిన ఒక్క అక్షరం

అందరికీ ఒకే పాస్‌వర్డు పెట్టమని ప్రెసిడెంటు గారి సలహా. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన ప్రతిసారీ 40 ఇళ్లకీ కొత్తది చెప్పుకోవాలి కదా అంటే ఒప్పుకున్నారు. ఫ్లాటుకొక యూజరు: ఫ్లాట్101 నుంచి ఫ్లాట్508 దాకా.

పాస్‌వర్డులకి సొంతంగా 600 తెలుగు మాటల జాబితా రాసుకున్నాను. అందులోంచి షఫ్ అనే కమాండుతో మూడేసి మాటలు తీస్తే వరస ప్రకారం 21 కోట్లకు పైగా కలయికలు. పెద్దవాళ్లకి గుర్తుంటాయని తెలుగు లిపిలోనే పెట్టాను. ఉదాహరణకి (ఇది ఎవరిదీ కాదు): పచ్చడి జాడీ ట్యాంకర్.

ఒక్కొక్కరినే ఎక్కిస్తూ పోయాను. పన్నెండు అయ్యాయి. పదమూడోదానికి పైబాణం నొక్కి పాత కమాండు తెచ్చుకున్నాను. అది నిన్నటి మొట్టమొదటి కమాండు, అందులో మైనస్ సి ఉంది. సి అంటే క్రియేట్. ఫైలు లేకపోతే పుట్టిస్తుంది, ఉంటే తుడిచేసి మళ్లీ పుట్టిస్తుంది, "ఉన్నది పోతుంది, సరేనా?" అని అడగదు. లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ కొట్టి చూస్తే ఫైల్లో ఒకటే లైను. బ్యాకప్ లేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను:

1. ఖాళీ ఫైలుని టచ్ కమాండుతో పుట్టించాను. మైనస్ సి నా జీవితంలోంచి వెళ్లిపోయింది.
2. ఫ్లాటు నంబరు, పాస్‌వర్డు ఉన్న జాబితా నా ల్యాప్‌టాప్‌లో ఒకటి. దాన్ని ఒక్కో లైనుగా చదివి హెచ్‌టీపాస్‌వర్డ్‌కి అందించే ఐదు లైన్ల స్క్రిప్టు.
3. పాస్‌వర్డుని మైనస్ చిన్న బి తో కమాండులోనే రాయలేదు. అలా రాస్తే బ్యాష్ హిస్టరీలో (కొట్టిన కమాండ్ల చిట్టాలో) మిగిలిపోతుంది, ఆ క్షణంలో పీఎస్ (నడుస్తున్న కమాండ్లు చూపేది) కొట్టినవాళ్లకి కనిపిస్తుంది కూడా. మైనస్ ఐ ఇచ్చి పైపు గుండా పంపాను.
4. హ్యాష్‌కి మైనస్ పెద్ద బి, అంటే బీక్రిప్ట్ (కావాలనే నెమ్మదిగా కట్టే హ్యాష్ రకం). ఏమీ ఇవ్వకపోతే ఎండీ5 ఆధారంగా అపాచీ చేసుకున్న పాత రకం పడుతుంది.
5. స్క్రిప్టు నడిచే ముందు పాత ఫైలుకి తేదీతో కాపీ.

ఇప్పటిదాకా: 6 గంటలు. యూజర్లు 40/40, కాగితం మీద. తలుపు దగ్గర పరీక్షించింది ఒక్కరినే.

దశ 3. జనవరి 18, శనివారం: పాస్‌వర్డు రెండుసార్లు ఎందుకు అడిగింది?

సైటుని హెచ్‌టీటీపీఎస్‌కి మార్చడం: ఇది మొదటి దశలో చేయాల్సిన పని. బేసిక్ పద్ధతిలో యూజరు పేరు, ఒక కోలన్, పాస్‌వర్డు కలిపి బేస్64లోకి మార్చి పంపుతుంది బ్రౌజరు. బేస్64 రహస్యలిపి కాదు, అదే సంగతిని వేరే అక్షరాల్లో రాయడమే. ఈ పద్ధతిని నిర్వచించే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7617లో ఇచ్చిన ఉదాహరణే యూజరు అలాదీన్, పాస్‌వర్డు "ఓపెన్ సెసమీ". గుహ ముందు నిలబడి అందరూ వినేలా అరిచే మంత్రం. తెలిసే పెట్టారనుకుంటాను.

సర్వరు మీద టీసీపీడంప్ (నెట్‌వర్కులో వచ్చేపోయేది చూపేది) పెట్టి, మామూలు హెచ్‌టీటీపీ వచ్చే 80 పోర్టు వింటూ, ఫోన్లోంచి సైటు తెరిచాను. ఆథరైజేషన్ అన్న లైను కంటికి కనబడింది. దాన్ని బేస్64 మైనస్ డి కి ఇస్తే నా పాస్‌వర్డు తెలుగులో ముద్దుగా బయటపడింది.

హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తీసుకున్నాను, వాటిని తెచ్చిపెట్టే సెర్ట్‌బాట్‌తో, వెబ్‌రూట్ పద్ధతిలో (సైటు ఫోల్డర్లో ఒక పరీక్ష ఫైలు పెట్టి), హెచ్‌టీయాక్సెస్‌ని ఆ కాసేపు పక్కనపెట్టి. ఆ తర్వాత హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించే రీరైట్ లైన్లు హెచ్‌టీయాక్సెస్‌లో రాశాను. పాస్‌వర్డు ఒకసారి అడిగింది. కొట్టాను. మళ్లీ అడిగింది. మళ్లీ కొడితే తెరుచుకుంది. తప్పు కొట్టానేమో అనుకుని వదిలేయబోయాను గానీ ప్రతిసారీ అంతే.

జరిగేది ఇదీ. హెచ్‌టీయాక్సెస్‌లోని రీరైట్ పని మొదలయ్యేసరికే పాస్‌వర్డు తనిఖీ అయిపోయి ఉంటుంది. అంటే మొదటి ప్రశ్న తాళం లేని 80 పోర్టులోనే వస్తోంది, జవాబు బట్టబయలుగా వెళ్తోంది, ఆ తర్వాతే దారి మళ్లుతోంది. రెండోసారి అడిగేది అసలైన హెచ్‌టీటీపీఎస్. మీ సైటు రెండుసార్లు అడుగుతుంటే చిరాకుపడి ఊరుకోకండి, మొదటి జవాబు వీధిలో చదివినట్టే.

దిద్దుబాటు:

1. 80 పోర్టు వర్చువల్‌హోస్టులోనే (మెయిన్ కాన్ఫిగ్‌లో ఆ పోర్టుకి వర్తించే భాగం) రీడైరెక్ట్ పర్మనెంట్ అన్న ఒక్క లైను. అక్కడ రాస్తే పాస్‌వర్డు తనిఖీకి ముందే మళ్లిస్తుంది.
2. ఆ నాలుగు ఆత్ లైన్లనూ 443 పోర్టు (హెచ్‌టీటీపీఎస్‌ది) వర్చువల్‌హోస్టులో, సైటు ఫోల్డరుకి వర్తించే డైరెక్టరీ బ్లాకులోకి తెచ్చాను.
3. హెచ్‌టీయాక్సెస్ తీసేశాను. అలౌఓవర్‌రైడ్ మళ్లీ నన్. మొదటి శనివారం నన్ను ఏడిపించిన ఆ లైను అప్పుడే సరిగ్గా ఉందన్నమాట.
4. అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్, ఆ తర్వాతే రీలోడ్. టెస్టు చేయకుండా రీస్టార్టు చేస్తే, ఒక్క అక్షరం తప్పున్నా సైటు మొత్తం పడుకుంటుంది.

అప్పటిదాకా 80 పోర్టులో తిరిగిన నా పాస్‌వర్డు మార్చేశాను.

ఇంకొకటి. నేను తీసుకున్న సర్టిఫికెట్ ఆయుష్షు 90 రోజులు. దాన్ని పొడిగించే పనికి ఉత్తుత్తి రిహార్సల్‌గా సెర్ట్‌బాట్ రెన్యూ మైనస్ మైనస్ డ్రై-రన్ కొట్టి చూస్తే ఫెయిల్, 401 (పాస్‌వర్డు కావాలి). లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు చుక్క-వెల్-నోన్ ఫోల్డర్లో పెట్టిన ఫైలు చూడటానికి వస్తే వాళ్లనీ పాస్‌వర్డు అడిగింది నా సర్వరు. ఆ ఒక్క ఫోల్డరుకి వేరే డైరెక్టరీ బ్లాకు రాసి రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్ అని పెట్టాను. డ్రై-రన్ పాసయింది. ఇది ఇవాళే చూసుకోకపోతే మూడు నెలల తర్వాత ఓ పొద్దున 40 ఫోన్లలో ఎర్ర హెచ్చరిక వచ్చేది.

ఇప్పటిదాకా: 9 గంటలు. సర్టిఫికెట్ ఖర్చు సున్నా.

దశ 4. జనవరి 19, ఆదివారం: కనిపించని అక్షరం

పది ఇళ్లకి చీటీలిచ్చాను, వాట్సాప్‌లో కూడా పంపాను. సాయంత్రానికి లెక్క: నలుగురికి తెరుచుకుంది, ఆరుగురికి లేదు. 402 మాస్టారు తలుపు తట్టి, "ఏం నాయనా, నా ఇంటి లెక్క నేను చూసుకోడానికి ఇన్ని తాళాలా?" అన్నారు. లోపలికి పిలిచి, ఆయన ఫోన్లో ఆయన చేతే కొట్టించాను, పక్కన ల్యాప్‌టాప్‌లో ఎర్రర్ లాగ్ టెయిల్ మైనస్ ఎఫ్ మీద (కొత్త లైను పడగానే కనిపించేలా) పెట్టుకుని.

లాగ్‌లో రెండు రకాల నంబర్లు కనిపించాయి, రెండూ వేర్వేరు జబ్బులు. ఏహెచ్01618 అంటే ఆ పేరుతో యూజరే లేడు. ఏహెచ్01617 అంటే యూజరు ఉన్నాడు, పాస్‌వర్డు కలవలేదు. బ్రౌజరు మాత్రం రెండింటికీ ఒకే మొహం పెట్టి మళ్లీ బాక్సు చూపిస్తుంది. కాబట్టి లాగ్ తెరవకుండా వైద్యం మొదలుపెట్టొద్దు.

1618లు మూడు. ఫోను కీబోర్డు యూజరు పేరు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దబడి చేస్తోంది. ఫైల్లో ఉన్నది చిన్న ఎఫ్. దీనికి మందు తేలిక. యూజరు పేర్లన్నీ ఉత్త అంకెలు చేశాను: 101, 102, అలా. అంకెలకి పెద్దబడి లేదు.

1617లు మూడు. మాస్టారిది ఇందులోదే. చీటీలో ఉన్నట్టే కొడుతున్నారు, నేను చూస్తూనే ఉన్నాను. అయినా తప్పంటుంది. చివరికి ఆయన ఫోన్లో నోట్స్ తెరిపించి అక్కడ కొట్టించి, నాకు పంపించుకుని, బైట్లు లెక్కపెట్టాను. తెలుగు అక్షరం గానీ గుణింతం గానీ యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు. "ట్యాంకర్" అంటే ట, పొల్లు, య, దీర్ఘం, సున్న, క, ర, పొల్లు: 8 సంకేతాలు, 24 బైట్లు. మాస్టారి ఫోను పంపిన ఇలాంటి మాట 24 ఉండాలి, 27 ఉంది. చివరి పొల్లు తర్వాత ఆయన కీబోర్డు ఒక జీరో విడ్త్ నాన్ జాయినర్ తగిలించింది. పొల్లు తర్వాతి హల్లుకి వత్తుగా అతక్కుండా అడ్డుపెట్టే అక్షరం అది. మాట చివర ఉంటే కంటికి ఏమీ కనిపించదు. పాస్‌వర్డు బాక్సులో ఎలాగూ అన్నీ చుక్కలే. మిగతా ఇద్దరి ఫోన్లదీ ఇదే కథ, పొల్లు దగ్గరే.

పొల్లు ఉన్న మాటలు జాబితాలోంచి తీసేస్తే సరిపోతుందా అని ఆలోచించాను. కానీ తెలుగులో ఇంకో మెలిక ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తుతో రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. చూపుకి ఒకటే, హ్యాష్‌కి వేర్వేరు.

పొడుగు సంగతీ ఇక్కడే చెప్పాలి. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తుంది, అంటే 24 తెలుగు సంకేతాలు. నా మూడు మాటల ఉదాహరణ, ఖాళీలతో కలిపి, 56 బైట్లు. నాలుగో మాట కాస్త పెద్దదైతే దాని తోక లెక్కలోకి రాదు. మైనస్ డి స్విచ్‌తో వచ్చే పాత క్రిప్ట్ మరీ ఘోరం. అది 8 బైట్లే చూస్తుంది, అంటే రెండు సంకేతాలూ మూడోదాంట్లో ఓ ముక్క. దాంతో పెడితే "పచ్చడి"కీ "పచ్చిమిర్చి"కీ తేడా లేదు, ఏది కొట్టినా తెరుచుకుంటుంది.

తెలుగు లిపి పాస్‌వర్డులు వదిలేశాను. మనసొప్పలేదు గానీ వదిలేశాను. అవే 600 మాటలు, ఇంగ్లీషు చిన్నబడిలో, మధ్యలో అడ్డగీత. పచ్చడికి ఎన్ని స్పెల్లింగులున్నా చీటీలో ఉన్నదే స్పెల్లింగు. ఆ పది ఇళ్లకీ కొత్త చీటీలు. రాత్రి తొమ్మిదికి పదికి పది.

ఆత్‌నేమ్‌లో మాత్రం "లెక్కలు" అని తెలుగు ఉంచుదామనుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో పిచ్చి గుర్తులు వచ్చాయి, ఫోన్లో ఆ పేరే కనిపించలేదు. అది కూడా ఇంగ్లీషయిపోయింది.

ఇప్పటిదాకా: 13 గంటలు. తెరిచి చూసినవాళ్లు 10/40.

దశ 5. జనవరి 25, శనివారం: 54 సెకన్ల వినాయకచవితి

హెచ్‌టీపాస్‌వర్డ్‌లో బీక్రిప్ట్‌కి మైనస్ పెద్ద సి అని ఇంకో స్విచ్ ఉంది, ఎంత కష్టపెట్టాలో చెప్పేది (కాస్టు). డిఫాల్టు 5, గరిష్ఠం 17. ఒక్కటి పెంచితే పని రెండింతలు. ఎక్కువైతే మంచిదేగా అని 14 పెట్టాను. లాగిన్‌కి ఓ సెకనున్నర పట్టింది, పర్లేదనుకున్నాను. ఫొటోల పేజీ తెరిచాను. బొమ్మలు ఒక్కొక్కటే, నిమజ్జనం ఊరేగింపులా, కదిలీ కదలక వచ్చాయి.

నేను మరిచిపోయింది: బేసిక్ పద్ధతిలో "లాగిన్ అయి ఉండటం" అనేదే లేదు. ప్రతి ఫైలుకీ బ్రౌజరు పాస్‌వర్డు మళ్లీ పంపుతుంది, సర్వరు ప్రతిసారీ మళ్లీ హ్యాష్ కట్టి పోల్చుకుంటుంది. ఆ పేజీలో 36 చిన్న బొమ్మలు, పేజీ, స్టైలు ఫైలు కలిపి 38 రిక్వెస్టులు. కోరు ఒక్కటే. నా సర్వరు మీద కొలిచినవి:

కాస్టు 5: ఒక తనిఖీకి సుమారు 3 మిల్లీసెకన్లు, పేజీకి 0.1 సెకను
కాస్టు 10: 90 మిల్లీసెకన్లు, పేజీకి 3.4 సెకన్లు
కాస్టు 12: 360 మిల్లీసెకన్లు, పేజీకి 13.7 సెకన్లు
కాస్టు 14: 1440 మిల్లీసెకన్లు, పేజీకి 54 సెకన్లు దాటింది

అపాచీలో ఆత్ఎన్-ఎస్ఓకాష్ అని కాషింగ్ మాడ్యూలు ఉంది. ఇదే మందు అనుకుని గంటన్నర కూర్చుని పెట్టాను. మళ్లీ కొలిచాను. 54 సెకన్లు 54 సెకన్లే. కాన్ఫిగ్ తప్పేమోనని ఇంకో గంట. తప్పు లేదు. ఆ మాడ్యూలు దాచుకునేది ఫైల్లోంచి చదివిన హ్యాష్‌ని, "ఈ పాస్‌వర్డు సరైనదే" అన్న తీర్పుని కాదు. హ్యాష్ ఎక్కడినుంచి వచ్చినా పోల్చే పని ప్రతిసారీ చేయాల్సిందే. యూజర్లు డేటాబేసులో ఉంటే అది ఉపయోగపడుతుంది, 40 లైన్ల ఫైలుకి దండగ. తీసేశాను.

చేసిన మార్పు రెండు వైపులా. కాస్టు 10కి దించాను. ఫొటోల పేజీలో ఒక్కో పండగకి ఆరు బొమ్మలే, మిగతావి లింకులు. 8 రిక్వెస్టులు, మొత్తం 0.7 సెకను. కాస్టు మారిస్తే హ్యాష్‌లన్నీ మళ్లీ కట్టాలి, దశ 2 స్క్రిప్టు ఉంది కాబట్టి రెండు నిమిషాల పని.

ఇప్పటిదాకా: 18 గంటలు. ఇందులో రెండున్నర గంటలు పూర్తిగా వృథా.

దశ 6. జనవరి 26, ఆదివారం: జెండా కింద నలభై మంది

పొద్దున సెల్లార్లో జెండా ఎగరేశాక బూందీతోపాటు చీటీలు కూడా పంచాను. అందరూ అక్కడే ఉన్నారు, అనుమానాలుంటే అడుగుతారని లెక్క. పదింటికి అందరూ ఒకేసారి తెరిచారు. పదీ ఐదుకి అందరికీ ఒకేసారి ఆగిపోయింది. పాస్‌వర్డు అడగట్లేదు, ఎర్రరు పేజీ లేదు, సైటే లేదు.

అంతకుముందు రాత్రి ఫెయిల్2బ్యాన్‌లో (తప్పు పాస్‌వర్డులు కొట్టేవాళ్లని ఆపే సాఫ్ట్‌వేరు) అపాచీ-ఆత్ జైలు ఆన్ చేశాను. 10 నిమిషాల్లో 5 తప్పులు చేసిన ఐపీని (ఇంటర్నెట్ అడ్రసుని) 10 నిమిషాలు గెంటేస్తుంది, డిఫాల్టు అదే. మా బిల్డింగు మొత్తానికి ఒకే కేబుల్ బ్రాడ్‌బ్యాండు, బయటికి అన్ని ఇళ్లదీ ఒకే ఐపీ. ఇద్దరు తాతగార్లు చెరో మూడు తప్పులు కొడితే 40 ఇళ్లూ బయటే. నేనూ బయటే. మొబైల్ డేటా మీదకి మారి ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి విడిపించాను. ఇప్పుడు 10 నిమిషాల్లో 30 తప్పులు దాటితేనే. మూడు మాటల పాస్‌వర్డుకి 10 నిమిషాల్లో 30 ఊహలు ఏ మూలకీ రావు.

మధ్యాహ్నం కమిటీ పని. బకాయిల జాబితా ఐదుగురు కమిటీ సభ్యులకే కనిపించాలి. గ్రూపు ఫైలు రాసి, ఆత్‌గ్రూప్‌ఫైల్ లైను పెడితే కాన్ఫిగ్‌టెస్ట్ ఆ డైరెక్టివు నాకు తెలియదంది. ఆత్‌జెడ్-గ్రూప్‌ఫైల్ మాడ్యూలు ఏ2ఎన్‌మాడ్‌తో ఆన్ చేయాలి. చేశాను. బకాయిల ఫోల్డరుకి రాసింది:

రిక్వైర్ వ్యాలిడ్-యూజర్
రిక్వైర్ గ్రూప్ కమిటీ

నా లాగిన్‌తో తెరిచాను, వచ్చింది. కమిటీలో ఇంకొకరితో తెరిపించాను, వచ్చింది. టిక్కు పెట్టేసి టీ తాగుతుంటే తట్టింది, కమిటీలో లేనివాళ్లతో చూడలేదే అని. 207తో చూశాను. వచ్చింది! రిక్వైర్ లైన్లు రెండు పక్కపక్కన రాస్తే అపాచీ లెక్కలో వాటి అర్థం "ఏదో ఒకటి నిజమైతే చాలు". మొదటి లైను 40 మందికీ నిజమే, రెండోదాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. మొదటి లైను తీసేశాను. గ్రూపులో ఉండాలంటే ఎలాగూ పాస్‌వర్డు సరిపోవాలి. (రెండు షరతులూ నిజంగా కలిసే కావాలంటే రిక్వైర్ఆల్ బ్లాకులో పెట్టాలి.)

ఇన్నాళ్లూ నేను చేసిన పరీక్షలన్నీ తెరుచుకుంటోందా అనే. తెరుచుకోకూడనివి తెరుచుకోవట్లేదా అని ఒక్కటీ లేదు. గూగుల్‌లో బకాయిల జాబితా చూసినాయన పక్కింట్లోనే ఉన్నా నాకీ బుద్ధి రాలేదు.

ఇప్పటిదాకా: 22 గంటలు. తెరిచి చూసినవాళ్లు 37/40. ముగ్గురు ఊళ్లో లేరు.

దశ 7. ఫిబ్రవరి 1, శనివారం: తొమ్మిది ప్రశ్నల స్క్రిప్టు

కర్ల్‌తో (బ్రౌజరు లేకుండా పేజీలు అడిగే కమాండు) అడ్రసులకి రిక్వెస్టు పంపి, వచ్చిన కోడు ఒక్కటే ప్రింటు చేసే స్క్రిప్టు. కాన్ఫిగ్ ముట్టుకున్న ప్రతిసారీ నడుపుతున్నాను. రావాల్సినవి (200 అంటే తెరుచుకుంది, 301 అంటే వేరే అడ్రసుకి మళ్లింది, 401 అంటే పాస్‌వర్డు కావాలి, 403 అంటే ప్రవేశం లేదు):

1. పాస్‌వర్డు లేకుండా ముఖపేజీ: 401
2. పాస్‌వర్డు లేకుండా, ఒక పీడీఎఫ్ నేరు అడ్రసు: 401
3. 101 తో ముఖపేజీ: 200
4. 101 తో, తప్పు పాస్‌వర్డు: 401
5. 101 తో బకాయిల ఫోల్డరు: 401 (403 వస్తుందనుకున్నాను; గ్రూపులో లేకపోతే అపాచీ మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది)
6. కమిటీ లాగిన్‌తో బకాయిలు: 200
7. 80 పోర్టులో, పాస్‌వర్డు లేకుండా: 301, పాస్‌వర్డు అడగకుండానే
8. చుక్క-వెల్-నోన్‌లో పరీక్ష ఫైలు, పాస్‌వర్డు లేకుండా: 200
9. చుక్క-హెచ్‌టీతో మొదలయ్యే ఫైలు పేరు, లాగిన్‌తో: 403

మొదటి పరుగులో ఎనిమిదే సరిపోయాయి. తప్పింది రెండోది. పీడీఎఫ్‌లు రెండేళ్ల క్రితం వేరే ఫోల్డర్లో పెట్టి ఏలియాస్‌తో (బయటి ఫోల్డరుని సైటులోదిలా చూపే లైను) కలిపాను, ఆ సంగతి నాకే గుర్తులేదు. డైరెక్టరీ బ్లాకు సైటు ఫోల్డరుకే ఉంది, ఏలియాస్ ఫోల్డరుకి లేదు. అంటే మూడు వారాలుగా ముందు తలుపుకి తాళాల మీద తాళాలు వేస్తుంటే లెక్కల పీడీఎఫ్‌లన్నీ పెరటి గుమ్మంలోంచి అందరికీ అందుతూనే ఉన్నాయి. అదే బ్లాకు ఆ ఫోల్డరుకీ రాశాను. తొమ్మిదికి తొమ్మిది.

గూగుల్‌లో మిగిలిన పాత ఫలితాలకి సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు అర్జీ పెట్టాను. అది తాత్కాలికంగా సుమారు ఆరు నెలలు దాస్తుంది. ఈలోపు గూగుల్ మళ్లీ వస్తే దానికీ 401 దొరుకుతుంది.

పరిష్కారం లేనిది ఒకటి మిగిలింది. లాగౌట్ బటను. ఈ పద్ధతిలో అది లేదు, బ్రౌజరు మొత్తం మూసేయాలి. కమిటీ రూములో ఉన్న కంప్యూటర్లో ప్రైవేటు విండోలోనే తెరవమని మానిటరు మీద కాగితం అంటించాను.

ఖాళీ చేసినవాళ్లని తీయడం మాత్రం సుఖం. నిన్న 204 వాళ్లు వెళ్లిపోయారు. హెచ్‌టీపాస్‌వర్డ్ మైనస్ పెద్ద డి, ఫైలు, 204. రీలోడ్ అక్కర్లేదు, ప్రతి రిక్వెస్టుకీ తనిఖీ కాబట్టి వాళ్ల ఫోన్లో తెరిచున్న పేజీ కూడా తర్వాతి క్లిక్కుకే ఆగిపోతుంది. దశ 5లో తిట్టుకున్నది ఇక్కడ పనికొచ్చింది.

ఇప్పటిదాకా: 25 గంటల 30 నిమిషాలు. యూజర్లు 39. తెరిచి చూసినవాళ్లు 38. మిగిలింది 305. చీటీ తీసుకున్నారు, ఇంకా తెరవలేదు.